నిన్నటి పాషండం, నేటి పాఠం

‘పాషండుడు’ అన్న మాట ప్రాచీన తెలుగు సాహిత్యంతో పరిచయమున్న వారికి కొత్తది కాదు. వేదబాహ్యుడు, దుర్మార్గి, మతం తప్పినవాడు అని నిఘంటువులు దానికి అర్థాలు చెబుతాయి. అయితే తొలినాళ్ళలో ఈ మాటలో ఎట్టి నిందా లేదు. కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి వద్ద కొండబండల మీద క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దిలో అశోక చక్రవర్తి చెక్కించిన శాసనాలు నేటికీ ఉన్నాయి. ఆయన పన్నెండవ శిలాశాసనంలో ‘పాసండ’ అన్న పదం కేవలం ‘మతశాఖ’ అన్న అర్థంలోనే కనబడుతుంది. రాజు అన్ని పాసండాలనూ గౌరవిస్తాడనీ, తన శాఖను పొగడి పరుల శాఖను అకారణంగా తెగడేవాడు నిజానికి తన శాఖకే హాని చేసుకుంటాడనీ ఆ శాసనం బోధిస్తుంది.

యూరపులోనూ ఇదే కథ నడిచింది. మతద్రోహమని నేడు అర్థం చెప్పే ‘హెరెసీ’ అన్న ఇంగ్లీషు మాటకు మూలం గ్రీకు భాషలోని ‘హైరెసిస్’. దానికి అర్థం ‘ఎంపిక’ అని మాత్రమే. తత్త్వచింతనలో ఒకడు ఎన్నుకున్న మార్గాన్ని ఆ మాటతో పిలిచేవారు. కాలక్రమాన మఠాలకు, పీఠాలకు, ప్రభుత్వాలకు బలం పెరిగిన కొద్దీ, ‘వేరొక మార్గం’ అని అర్థమిచ్చిన మాటలు రెండు నాగరికతలలోనూ ‘తప్పుడు మార్గం’ అని అర్థమిచ్చేవిగా మారిపోయాయి.

నేడు ఆరవ తరగతి విద్యార్థి బడిలో చదివే ఎన్నో సంగతులు ఒకనాడు ఇటువంటి ముద్ర వేయించుకున్నవే. భూమి తిరుగుతుందనడం, చేతులు కడుక్కోనిదే వైద్యుడు రోగిని తాకరాదనడం, ఖండాలు కదులుతాయనడం ఆయా కాలాలలో పెద్దలకు కోపం తెప్పించిన మాటలు. ఆ భావాలను పెద్దలు ఎందుకు కాదన్నారు? చివరికి అవి ఎట్లా నిలిచాయి? నిందకు గురైన ప్రతి భావమూ నిజమేనా? ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం విజ్ఞానశాస్త్ర చరిత్రలోనే దొరుకుతుంది.

ఆర్యభటుని పడవ

క్రీ.శ. 476లో జన్మించిన ఆర్యభటుడు తన ఇరవై మూడవ ఏట, అనగా 499లో, ‘ఆర్యభటీయం’ రచించాడు. ఆకాశంలో నక్షత్రాలు తూర్పు నుండి పడమరకు సాగుతున్నట్లు కనిపించడానికి కారణం భూమి తన చుట్టూ తాను తిరగడమేనని అందులో ఆయన ప్రతిపాదించాడు. ప్రవాహం వెంట పోతున్న పడవలో కూర్చున్న వానికి ఒడ్డున ఉన్న చెట్లూ చేమలూ వెనక్కు పోతున్నట్లు కనిపించడాన్ని ఆయన ఉపమానంగా చూపాడు. ఆయన లెక్క ప్రకారం నక్షత్రాలతో పోల్చినప్పుడు భూమి ఒకసారి తిరగడానికి పట్టే కాలం 23 గంటల 56 నిమిషాల 4.1 సెకన్లు. ఆధునిక పరికరాలు ఇచ్చే విలువకూ దీనికీ తేడా సెకనులో వందో వంతు మాత్రమే. ఆర్యభటుడు భూమిని విశ్వానికి కేంద్రంగానే భావించాడు. సూర్యుని చుట్టూ భూమి తిరుగుతుందని ఆయన చెప్పలేదు. భూమి తన అక్షం మీద తిరుగుతుందన్నదే ఆయన చెప్పిన కొత్త సంగతి.

ఈ మాట సమకాలికులకు రుచించలేదు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు, భూమే తిరుగుతూ ఉంటే ఆకాశంలోకి ఎగిరిన పక్షులు తిరిగి తమ గూళ్ళకు ఎట్లా చేరగలవని అడిగాడు. 628లో ‘బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం’ వెలువరించిన బ్రహ్మగుప్తుడు, భూమి తిరిగేటట్లయితే ఎత్తైన వస్తువులు ఎందుకు కూలిపోవడం లేదని ఆక్షేపించాడు. ఈ ప్రశ్నలు తెలివితక్కువవి కావు. వాటికి సరైన సమాధానం చెప్పగల చలనశాస్త్రం ఆనాటికి ప్రపంచంలో ఎక్కడా లేదు.

గ్రహణాల విషయం ఇంతకంటే సున్నితమైనది. భూమి నీడ వల్ల చంద్రగ్రహణమూ, చంద్రుడు అడ్డు రావడం వల్ల సూర్యగ్రహణమూ ఏర్పడతాయని ఆర్యభటుడు వివరించాడు. గ్రహణాలను గణించేటప్పుడు ఈ పద్ధతినే అనుసరించిన బ్రహ్మగుప్తుడు, మరొక అధ్యాయంలో మాత్రం రాహువును కాదనడం శ్రుతిస్మృతులకు విరుద్ధమని ఆర్యభటుని వంటివారిని మందలించాడు. సుమారు 1030లో భారతదేశాన్ని గురించి అరబ్బీలో ఉద్గ్రంథం రాసిన అల్ బిరూనీకి ఈ వైరుధ్యం ఆశ్చర్యం కలిగించింది. అంతటి గణితవేత్త ఇటువంటి మాట అన్నాడంటే, సోక్రటీసుకు పట్టిన గతి తనకూ పడుతుందేమోనన్న భయమే కారణమై ఉండాలని ఆయన ఊహించాడు.

ఆర్యభటుని ఎవరూ చెరసాలలో పెట్టలేదు, ఆయన గ్రంథాన్ని తగులబెట్టలేదు. జరిగింది వేరు. ఆయన శ్లోకంలో ‘భూమి’ అని అర్థమిచ్చే ‘భూః’ అన్న పదం ఉన్నచోట, కొందరు వ్యాఖ్యాతలు ‘నక్షత్రమండలం’ అని అర్థమిచ్చే ‘భం’ అన్న పదాన్ని చేర్చి చదివారు. ఒక్క అక్షరం మారేసరికి తిరిగేది భూమి కాక ఆకాశమైంది. గురువు మీది గౌరవంతోనే ఆయన అభిప్రాయాన్ని సర్దివేశారన్నమాట. అసలు పదం ‘భూః’ అని నేడు రుజువు చేయడానికి తోడ్పడుతున్న సాక్ష్యాలలో ముఖ్యమైనది బ్రహ్మగుప్తుని విమర్శే. ఖండించడం కోసమే అయినా ఆయన ఆర్యభటుని మాటను మార్చకుండా ఉదహరించాడు. తొమ్మిదవ శతాబ్దిలో బ్రహ్మగుప్తుని గ్రంథానికే వ్యాఖ్య రాసిన పృథూదకస్వామి, ఈ ఒక్క విషయంలో మూలకర్తను కాదని ఆర్యభటుని పక్షం వహించాడు.

గెలీలియో ఓడ

వెయ్యేళ్ళ తరువాత ఇదే వివాదం యూరపులో మరింత తీవ్రంగా చెలరేగింది. పోలెండుకు చెందిన కోపర్నికస్ 1543లో ప్రచురించిన గ్రంథంలో భూమి తన చుట్టూ తాను తిరగడమే కాక, సూర్యుని చుట్టూ కూడా తిరుగుతుందని ప్రతిపాదించాడు. సూర్యుని ఆగిపొమ్మని యెహోషువ ఆజ్ఞాపించినట్లు బైబిలులో ఉన్నందున, తిరిగేది సూర్యుడే కావాలని మతపెద్దలు వాదించారు. 1616లో రోమన్ కాథలిక్ చర్చి ఆ గ్రంథాన్ని సవరించేవరకు ఎవరూ చదవరాదని నిలిపివేసింది. ఈ సిద్ధాంతాన్ని సమర్థించవద్దని గెలీలియోను హెచ్చరించింది.

గెలీలియో 1632లో ‘సంభాషణ’ రూపంలో తన ప్రసిద్ధ గ్రంథాన్ని ప్రచురించాడు. పక్షుల ప్రశ్నకు, కూలిపోయే వస్తువుల ప్రశ్నకు సమాధానం అందులో ఉంది. ఆయన తీసుకున్న ఉదాహరణ ఒక ఓడ. ఓడ అడుగు భాగంలో తలుపులు మూసిన గదిలో సీతాకోకచిలుకలు ఎగురుతూ ఉంటాయి, పైన వేలాడదీసిన పాత్ర నుండి నీటిచుక్కలు కింది పాత్రలో పడుతూ ఉంటాయి. ఓడ నిలిచి ఉన్నా, ఒకే వేగంతో నున్నగా సాగుతున్నా లోపల ఉన్నవానికి తేడా తెలియదు. సీతాకోకచిలుకలు వెనక గోడకు కొట్టుకొనిపోవు, చుక్కలు పక్కకు పడవు. ఓడలో ఉన్న సమస్తమూ ఓడ వేగాన్ని పంచుకోవడమే ఇందుకు కారణం. ఇదే జడత్వ భావనకు పునాది. పక్షులూ గాలీ చెట్లూ భూమి వేగాన్ని పంచుకుంటున్నాయి కనుకనే పక్షి తన గూటికి చేరుతుంది.

సముద్రాలు దాటి స్వదేశానికి వెళ్ళి వచ్చే కుటుంబాలకు ఈ ప్రయోగం చేయడం మరీ సులభం. విమానం నిలకడగా గంటకు 900 కిలోమీటర్ల వేగంతో సాగుతున్నప్పుడు, సీటులో కూర్చున్న పిల్లవాడు ఒక నాణేన్ని పైకి ఎగరవేసి పట్టుకోవచ్చు. నాణెం గాలిలో అర సెకను ఉన్నదనుకుంటే, ఆ వ్యవధిలో విమానం 125 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. అయినా నాణెం వెనక వరుసల మీదికి పోదు, తిన్నగా చేతిలోనే పడుతుంది. వరాహమిహిరుడు అడిగిన ప్రశ్న, ఆర్యభటునికి దొరకని సమాధానం రెండూ ఆ నాణెంలో ఉన్నాయి.

సమాధానం చెప్పినా గెలీలియోకు శిక్ష తప్పలేదు. ఇన్‌క్విజిషన్ అనే మత న్యాయస్థానం ఎదుట 1633 జూన్ 22న, అరవై తొమ్మిదేళ్ళ వయసులో మోకరిల్లి, భూమి కదులుతుందన్న అభిప్రాయాన్ని తాను విసర్జిస్తున్నట్లు ఆయన ప్రమాణం చేయవలసి వచ్చింది. 1642 జనవరి 8న మరణించేవరకు ఫ్లోరెన్సు సమీపంలోని ఆర్చెత్రిలో గృహనిర్బంధంలోనే ఉన్నాడు. ఆ నిర్బంధంలోనే చలనశాస్త్రం మీద ఆయన రాసిన మరొక గ్రంథం 1638లో హాలండులోని లైడెనులో అచ్చయింది.

ఇక్కడ న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. గెలీలియో ప్రత్యర్థులందరూ మూఢులు కారు. భూమి సూర్యుని చుట్టూ తిరిగేటట్లయితే, ఆరు నెలల తేడాతో చూసినప్పుడు దగ్గరి నక్షత్రాలు కొద్దిగా పక్కకు జరిగినట్లు కనిపించాలి. ‘పారలాక్స్’ అనే ఈ మార్పు ఎవరికీ కనబడలేదు. ఆనాటి ఖగోళ పరిశీలకులలో అగ్రగణ్యుడైన టైకో బ్రాహే ఈ కారణం మీదనే భూచలనాన్ని ఒప్పుకోలేదు. నక్షత్రాలు ఊహకు మించిన దూరంలో ఉండడమే అసలు సంగతి. 1838లో జర్మనీకి చెందిన బెస్సెల్ ఒక నక్షత్రంలో ఈ మార్పును తొలిసారిగా కొలవగలిగాడు. ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే, అందులో ఒక భాగంలో దాదాపు మూడో వంతు అది. 1851లో ఫూకో పారిసులోని పాంథియన్ భవనంలో 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండును వేలాడదీసి, ఆ లోలకం ఊగే దిశ గంట గంటకూ మారడాన్ని ప్రజలకు చూపాడు. భూభ్రమణం అట్లా కంటికి కనబడే నిజమైంది. ఆర్యభటీయం నుండి ఆ లోలకం వరకు 1,352 సంవత్సరాలు గడిచాయి.

1835 నాటి నిషిద్ధ గ్రంథాల పట్టికలో గెలీలియో పుస్తకం లేదు. 1992 అక్టోబరు 31న పోప్ రెండవ జాన్ పాల్, గెలీలియో విషయంలో ఆనాటి మతపండితులు పొరపాటు పడ్డారని బహిరంగంగా అంగీకరించాడు.

కడుక్కోని చేతులు

మతపీఠం మాత్రమే నిందిస్తుందనుకోవడం సరికాదు. శాస్త్రవేత్తల సంఘాలకు కూడా తమ తమ ఆచారాలు ఉంటాయి. వియన్నా జనరల్ హాస్పిటల్‌లో 1840 దశకంలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. వైద్యులూ వైద్యవిద్యార్థులూ పురుళ్ళు పోసే మొదటి విభాగంలో బాలింత జ్వరంతో నూటికి సుమారు పదిమంది తల్లులు మరణించేవారు. మంత్రసానులు పనిచేసే రెండవ విభాగంలో ఆ సంఖ్య నాలుగు లోపే. మొదటి విభాగంలో చేర్చవద్దని గర్భిణులు కాళ్ళావేళ్ళా పడి ప్రాధేయపడేవారు.

అక్కడ పనిచేస్తున్న హంగరీ దేశస్థుడు సెమ్మెల్‌వైస్ ఈ తేడాకు కారణం వెదికాడు. 1847లో ఆయన మిత్రుడైన కొల్లెచ్కా అనే వైద్యుడు శవపరీక్ష చేస్తుండగా కత్తి గుచ్చుకొని మరణించాడు. అతని శరీరంలో కనిపించిన లక్షణాలు బాలింత జ్వరపు లక్షణాలను పోలి ఉన్నాయి. శవపరీక్ష గది నుండి నేరుగా ప్రసూతి గదికి వచ్చే వైద్యుల చేతులే మృత్యువును మోసుకొస్తున్నాయని సెమ్మెల్‌వైస్ గ్రహించాడు. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీటితో చేతులు కడుక్కోవాలని ఆదేశించాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాలు జూన్‌లో 2.2 శాతానికి, జూలైలో 1.2 శాతానికి పడిపోయాయి.

అయినా వైద్యలోకంలో పెక్కుమంది ఒప్పుకోలేదు. రోగాలు దూషితమైన గాలి వల్ల వస్తాయన్నది అప్పటి విశ్వాసం. క్రిములను గురించిన సిద్ధాంతం ఇంకా రూపొందలేదు కనుక, చేతులలో ఉన్నదేమిటో సెమ్మెల్‌వైస్ వివరించలేకపోయాడు. అంతకు మించిన అడ్డంకి మరొకటి ఉంది. ఆయన మాట నిజమైతే, వందలాది తల్లుల మరణానికి తమ చేతులే కారణమని ఆ వైద్యులు అంగీకరించవలసి ఉంటుంది. ఆయన కూడా తన పరిశోధనను పుస్తకంగా ప్రచురించడానికి 1861 వరకు ఆలస్యం చేశాడు. కాదన్నవారిని హంతకులని దూషించి శత్రువులను పెంచుకున్నాడు. 1865లో మతిస్థిమితం లేనివారి ఆశ్రమంలో, ఒక గాయం విషపూరితమై, ఆయన మరణించాడు. రెండేళ్ళకు, 1867లో, జోసెఫ్ లిస్టర్ క్రిమినాశక శస్త్రచికిత్స పద్ధతిని ప్రకటించాడు. పాస్టర్, కాక్ ల పరిశోధనలతో క్రిమి సిద్ధాంతం స్థిరపడింది.

సింగరేణి బొగ్గు చెప్పిన సాక్ష్యం

1912 జనవరిలో జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్, ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవనీ, తరువాత విడిపోయి దూరంగా జరిగాయనీ ఒక సభలో ప్రకటించాడు. ఆయన వృత్తిరీత్యా వాతావరణ శాస్త్రవేత్త కావడం చేత, భూవిజ్ఞానులు దీనిని పరాయివాని జోక్యంగా భావించారు.

వెగెనర్ చూపిన ఆధారాలలో ఒకటి తెలుగు నేలలోనూ ఉంది. గోదావరి లోయలో ఇల్లెందు ప్రాంతాన 1871లో విలియం కింగ్ అనే భూవిజ్ఞాని బొగ్గును కనుగొన్నాడు. అదే తరువాత సింగరేణి గనులుగా వృద్ధి చెందింది. ఆ బొగ్గు ఇరవై అయిదు కోట్ల సంవత్సరాలకు పూర్వం పెరిగిన అడవుల అవశేషం. ఆ అడవులలో ‘గ్లోసాప్టెరిస్’ అనే వృక్షజాతి ప్రధానమైనది. నాలుక ఆకారంలో ఉండే దాని ఆకుల ముద్రలు అక్కడి రాళ్ళలో కనిపిస్తాయి. దక్షిణాఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాలలో అదే కాలానికి చెందిన రాళ్ళలోనూ అవే ఆకులు ఉన్నాయి. దక్షిణ ధ్రువం నుండి తిరిగివస్తూ 1912లో మంచులో ప్రాణాలు విడిచిన కెప్టెన్ స్కాట్ బృందం, నడవలేని స్థితిలోనూ పదహారు కిలోల రాళ్ళను వదలకుండా తెచ్చింది. వారి గుడారంలో దొరికిన ఆ రాళ్ళలో కూడా గ్లోసాప్టెరిస్ ఆకులు ఉన్నాయి. ఆ చెట్టు గింజలు గాలికి మహాసముద్రాలు దాటిపోయేంత తేలికైనవి కావు. మరి ఇన్ని ఖండాలకు ఒకే అడవి ఎట్లా పాకింది? ఖండాలే ఒకచోట ఉండేవన్నది వెగెనర్ సమాధానం. ఆ మహాఖండపు దక్షిణార్ధానికి గోండుల దేశం పేరు మీద ‘గోండ్వానా’ అన్న పేరు స్థిరపడింది.

ప్రత్యర్థుల ప్రశ్న ఒక్కటే. ఇంత బరువైన ఖండాలను కదిలించే బలమేది? వెగెనర్ సూచించిన బలాలు అందుకు ఎంతమాత్రం చాలవని భౌతికశాస్త్రజ్ఞులు లెక్కగట్టి చూపారు. ఆ లెక్క సరైనదే. ఖండాలు కదిలాయన్న ఆయన మాటా సరైనదే. ఆయన చెప్పిన కారణం మాత్రం తప్పు. 1930లో గ్రీన్‌లాండు మంచు ఎడారిలో ఆయన మరణించేనాటికి అమెరికాలో ఆ సిద్ధాంతాన్ని సమర్థించినవారు కొద్దిమందే. 1960 దశకంలో సముద్రగర్భ పరిశోధనలు తీర్పు చెప్పాయి. మహాసముద్రాల నడుమనున్న పర్వతశ్రేణుల వద్ద కొత్త నేల పుడుతూ ఇరుపక్కలకూ జరుగుతోందని హెస్ 1962లో ప్రతిపాదించగా, ఆ నేలలోని అయస్కాంత చారల ఆధారంగా దానిని పరీక్షించే మార్గాన్ని వైన్, మాథ్యూస్ 1963లో చూపారు. భారత ఫలకం నేటికీ ఏడాదికి సుమారు అయిదు సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతోంది. హిమాలయాలు ఆ ఒత్తిడికి లేచినవే.

ప్రభుత్వమే పీఠమైనప్పుడు

మతాన్ని కాదన్న రాజ్యంలోనూ పాషండులు ఉన్నారు. ప్రపంచమంతటా తిరిగి పంట మొక్కల విత్తనాలను సేకరించిన రష్యా జన్యుశాస్త్రవేత్త నికొలాయ్ వవిలోవ్ లెనిన్‌గ్రాడులో మహత్తరమైన విత్తన భాండాగారాన్ని నెలకొల్పాడు. లైసెంకో అనే మరొక వ్యవసాయ శాస్త్రవేత్త జన్యువులు బూర్జువా కల్పన అని వాదించి, పరిసరాలను మార్చి పంటల స్వభావాన్నే త్వరత్వరగా మార్చవచ్చునని వాగ్దానం చేశాడు. ఆ మాట పాలకులకు నచ్చింది. వవిలోవ్‌ను 1940 ఆగస్టులో నిర్బంధించారు. కోట్లాది జనుల ఆకలి తీర్చాలని జీవితం ధారపోసిన ఆయన 1943 జనవరి 26న సరాతోవ్ చెరసాలలో పోషకాహారం లేక కృశించి మరణించాడు. లెనిన్‌గ్రాడు ముట్టడిలో ఆయన సహచరులు కొందరు ఆకలితో ప్రాణాలు వదిలారే కాని, తాము కావలి కాస్తున్న విత్తనాలను తినలేదు. 1948లో జన్యుశాస్త్ర బోధననే సోవియట్ దేశంలో నిలిపివేశారు. 1960 దశకం మధ్యలో గాని ఆ శాస్త్రం మళ్ళీ తలెత్తుకోలేదు. వవిలోవ్‌ను 1955లో నిర్దోషిగా ప్రకటించారు. ఆ విత్తన సంస్థకు నేడు ఆయన పేరే ఉంది.

భాషా రంగం కూడా ఇందుకు మినహాయింపు కాదు. శిష్టజనులు మాట్లాడే తెలుగులోనే పాఠ్యపుస్తకాలు ఉండాలని గిడుగు వెంకట రామమూర్తి వాదించినప్పుడు, గ్రాంథికవాదులు ఆ భాషను ‘గ్రామ్య’మని తిరస్కరించారు. గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించవలసి వచ్చింది. నేడు పత్రికలూ పాఠ్యపుస్తకాలూ ఆ భాషలోనే ఉన్నాయి. గిడుగు పుట్టినరోజైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుగుతోంది.

నిందించినంత మాత్రాన నిజమవుతుందా?

పై కథలు విన్నవారు ఒక పొరపాటుకు లోనయ్యే ప్రమాదం ఉంది. ‘గెలీలియోనూ కాదన్నారు, నన్నూ కాదంటున్నారు, కనుక నేను చెప్పేదీ నిజమే’ అని వాదించేవారు ప్రతి దేశంలోనూ ఉన్నారు. ఈ తర్కం నిలవదు. కాదనిపించుకున్న భావాలలో అత్యధిక భాగం నిజంగానే తప్పులు.

1903లో ఫ్రాన్సుకు చెందిన బ్లాండ్లో ‘ఎన్ కిరణాలు’ అనే కొత్త కిరణాలను కనుగొన్నానని ప్రకటించాడు. 1904లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్ ఆ ప్రయోగశాలకు వెళ్ళి, చీకటిలో పరికరం నుండి ముఖ్యమైన పట్టకాన్ని చడీచప్పుడు లేకుండా తీసివేశాడు. అయినా అక్కడివారికి ఆ కిరణాలు ఎప్పటివలెనే ‘కనిపిస్తూ’ ఉన్నాయి. ఆ సిద్ధాంతం అంతటితో ముగిసింది.

ఇంతకంటే హానికరమైన ఉదాహరణ ఇటీవలిది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా వ్యాధులకు ఇచ్చే టీకాకు ఆటిజంతో సంబంధం ఉండవచ్చునని కేవలం 12 మంది పిల్లల ఆధారంగా 1998లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. భయపడిన తల్లిదండ్రులు ఎందరో పిల్లలకు టీకాలు మానిపించారు. ఆ వ్యాసంలో అక్రమాలు బయటపడి, 2010లో పత్రిక దానిని ఉపసంహరించుకుంది. 2019లో డెన్మార్కులో 6,57,461 మంది పిల్లలను పరిశీలించి ప్రచురించిన అధ్యయనంలో అటువంటి సంబంధమేదీ కనబడలేదు. ప్రధాన వ్యాసకర్త తనను అన్యాయంగా వేధించారని చెప్పుకున్నాడు. వేధింపు ఉన్నదో లేదో వాదించుకోవచ్చును గాని, పిల్లల లెక్కలు మాత్రం మారవు.

నిలిచిన భావానికీ నిలవని భావానికీ తేడా ఎక్కడుందో ఇప్పుడు స్పష్టమవుతుంది. సెమ్మెల్‌వైస్ చెప్పినట్లు చేతులు కడుక్కున్న చోటల్లా మరణాలు తగ్గాయి. వెగెనర్ చెప్పినదానికి సముద్రగర్భం నుండి, ఆయన ఎన్నడూ చూడని దిక్కు నుండి సాక్ష్యం వచ్చింది. ఎన్ కిరణాలు వాటిని నమ్మినవారికే కనిపించాయి.

ఒక కొత్త మాట విన్నప్పుడు అడగవలసిన ప్రశ్నలు మూడు. ఈ మాట తప్పయితే ఆ సంగతి ఏ పరీక్షలో బయటపడుతుంది? చెప్పినవానితో సంబంధం లేని ఇతరులు పరీక్షించినప్పుడు ఏమి తేలింది? దానిని కాదంటున్నవారు ఆధారం చూపి కాదంటున్నారా, తమ గౌరవానికి భంగమని కాదంటున్నారా? మొదటి రెండు ప్రశ్నలు చెప్పేవారి కోసం. మూడవది వినేవారు తమను తాము వేసుకోవలసినది.

ఆస్ట్రేలియాకు చెందిన బారీ మార్షల్ ఉదాహరణ ఇందుకు ఆశ కలిగిస్తుంది. కడుపులో పుండ్లకు ప్రధాన కారణం ఒక బాక్టీరియా అని ఆయనా రాబిన్ వారెన్ చెప్పినప్పుడు, జఠరరసంలో క్రిములు బతకవని నిపుణులు నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగి, జబ్బుపడి, కడుపు వాపును నిరూపించాడు. తరువాత ఇతరుల పరీక్షలూ ఆయనను బలపరిచాయి. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. ఆర్యభటుని మాటకు పదమూడు శతాబ్దాలు పట్టింది, వెగెనర్‌కు అర్ధశతాబ్ది పట్టింది, మార్షల్‌కు పాతికేళ్ళ లోపే సరిపోయింది. పరీక్షించే పద్ధతులు, సాధనాలు పెరిగిన కొద్దీ నిజం వెలికి వచ్చే వ్యవధి తగ్గుతోంది.

పరదేశంలో పెరుగుతున్న తెలుగు పిల్లలు బడిలో ఒకటి, ఇంట్లో ఒకటి, మిత్రుల వద్ద మరొకటి వింటూ ఉంటారు. గ్రహణం నాడు భోజనం ఎందుకు చేయరాదని ఒకరు అడుగుతారు, తాతగారి మాటకు ఎదురు ప్రశ్న వేయవచ్చునా అని మరొకరు సందేహిస్తారు. అటువంటప్పుడు ‘అట్లా అడగకూడదు’ అని నోరు మూయించడం సులభమే. కాని ఆర్యభటుడు ఆ గ్రంథం రాసేనాటికి ఇరవై మూడేళ్ళవాడన్న సంగతి పెద్దలు జ్ఞాపకం ఉంచుకోవాలి. ప్రశ్న వేసిన బిడ్డతో కలిసి ఆ మూడు ప్రశ్నలూ అడిగి చూడవచ్చు. పిల్లవాని ఊహ తప్పని తేలితే వానికి ఒక పద్ధతి తెలిసివస్తుంది. ఒప్పని తేలితే పెద్దలకు ఒక పాఠం లభిస్తుంది. తిరుగు ప్రయాణపు విమానంలో ఒక నాణెంతో ఈ పాఠం మొదలుపెట్టవచ్చు.